ఎయిర్‌ఫీల్డ్ కనబడని చోట: సోలో నుంచి క్రాస్ కంట్రీ దాకా ఒక గ్లైడర్ పైలట్ కేసు

దక్షిణ ఇంగ్లండ్‌లో ఒక గ్లైడింగ్ క్లబ్‌లో వారాంతాల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా ఉంటాను. జీతం ఉండదు, ఇష్టంతో చేసే పని. ఇన్నేళ్ళలో ఎందరినో సోలో దాకా, అంటే ఒంటరిగా ఎగిరే దాకా తీసుకెళ్ళాను. అందులో చాలామంది అక్కడే ఆగిపోయారు. ఎందుకు ఆగిపోతారో నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. ఈ కేసు వచ్చాక ఆ నమ్మకం పోయింది. ఒకే పైలట్ విషయంలో నేను రెండుసార్లు కారణాన్ని తప్పుగా ఊహించాను. మూడోసారి ఊహించడం కూడా మానేసి తొందరపెట్టాను. దాంతో ఆమె ఒక వాలు పొలంలో దిగాల్సి వచ్చింది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు, ఉద్యోగం, క్లబ్, సంవత్సరం రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలిచ్చే ఒకటి రెండు వివరాలు మార్చాను.

గ్లైడర్ గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. దానికి ఇంజిన్ ఉండదు. నేల మీద తాడు చుట్టే యంత్రం, అంటే విన్చ్, లాగే తాడుతోనో, ముందున్న విమానం వెనక కట్టిన తాడుతోనో పైకి తీసుకెళ్ళి వదిలేస్తారు. అక్కణ్ణుంచి అది ప్రతి క్షణం కొంచెం కొంచెంగా కిందికి జారుతూనే ఉంటుంది. ఎండకు కాగిన నేల మీద నుంచి వేడి గాలి లేస్తుంది కదా, దాన్ని థర్మల్ అంటాం. అది దొరికితే అందులో గుండ్రంగా తిరుగుతూ మళ్ళీ పైకి వెళ్ళొచ్చు. మన ఊళ్ళో మిట్టమధ్యాహ్నం గద్ద రెక్క కదపకుండా చుట్లు తిరుగుతూ చుక్కంత అయిపోతుందే, అదే పని. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఎవరైనా అడిగితే గద్దనే చూపిస్తాను. మన దేశంలో ఇది నేర్చుకోవాలంటే పుణె హడప్సర్‌లో గ్లైడింగ్ సెంటర్ ఉంది.

ఎయిర్‌ఫీల్డ్ చుట్టుపక్కలే తిరిగి దిగితే లోకల్ ఫ్లయింగ్. థర్మల్ నుంచి థర్మల్‌కి దాటుకుంటూ ఊళ్ళు దాటి వెళ్తే క్రాస్ కంట్రీ. అందులో మొదటి మైలురాయి సిల్వర్ బ్యాడ్జ్: 50 కిలోమీటర్ల దూరం, 1,000 మీటర్ల ఎత్తు సంపాదన, 5 గంటలు గాల్లో ఉండటం. దీంట్లో 50 కిలోమీటర్ల భాగమే మనిషిని మారుస్తుంది. 5 గంటలు ఇంటి పైనే తిరిగినా వస్తాయి. 50 కిలోమీటర్లు అలా రావు.

నేపథ్యం

ఆమె వయసు నలభై దాటింది. జాగ్రత్త మనిషి, కానీ పిరికి మనిషి కాదు. సోలో అయ్యాక ఒక సీజన్ అంతా శ్రద్ధగా ఎగిరింది. సిల్వర్ కన్నా ముందుండే బ్రాంజ్ బ్యాడ్జ్ పూర్తి చేసింది. క్రాస్ కంట్రీ ఎండార్స్‌మెంట్ కోసం అడిగేవన్నీ, అంటే థర్మల్స్ పట్టుకుని గంట, రెండు గంటలు గాల్లో నిలబడే సోరింగ్ ఫ్లయిట్లు, మోటార్ గ్లైడర్‌లో (శిక్షణకి వాడే, ఇంజిన్ ఉన్న గ్లైడర్) నావిగేషన్, పొలం ఎంచుకోవడం, పొలంలోకి అప్రోచ్ (దిగడానికి నేల వైపు రావడం), ఒక్కొక్కటీ తొలిసారే అయిపోయాయి. శిక్షణ రెండు సీట్ల గ్లైడర్లయిన కె-13లోనూ కె-21లోనూ, సోలో జూనియర్‌లో. జూనియర్ ఒకే సీటు ఉన్న పోలిష్ గ్లైడర్. కొత్తవాళ్ళ తప్పుల్ని కాచుకుంటుంది, చక్రం బయటే ఉంటుంది కాబట్టి దించడం మర్చిపోయే భయం లేదు. గ్లైడ్ దాదాపు 35కి 1. అంటే కదలని గాలిలో వెయ్యి అడుగుల ఎత్తు ఖర్చు పెడితే పది కిలోమీటర్ల పైచిలుకు పోతుంది.

కాగితం మీద ఆమెకి ఏ లోటూ లేదు. మే నెల మొదట్లో సంతకం పెట్టి, ‘ఇక వెళ్ళండి’ అన్నాను.

సమస్య

జూన్ ఆఖరు వచ్చినా వెళ్ళలేదు. మంచి రోజుల్లో మూడేసి గంటలు గాల్లో ఉండేది. తెల్లటి దూదిపింజల్లాంటి మేఘాలు వరసగా పరుచుకున్న రోజున, తన తర్వాత సోలో అయిన కుర్రాళ్ళు ఒక్కొక్కరే 50 కిలోమీటర్లు పూర్తి చేసి వస్తుంటే, ఆమె ఎయిర్‌ఫీల్డ్ పైనే తిరిగి దిగేది. అడిగితే ప్రతిసారీ ఒక కారణం ఉండేది. అటువైపు మేఘాలు పలచగా ఉన్నాయి, గాలి పెరిగింది, క్లౌడ్‌బేస్, అంటే మేఘాల అడుగు, ఇంకా పైకి ఎక్కలేదు. ఏదీ అబద్ధం కాదు. ఒక్కో రోజుకి ఒక్కో కారణం నిజమే. దాదాపు రెండు నెలల పాటు ప్రతిరోజూ నిజమైన కారణం దొరుకుతోందంటే అసలు కారణం వేరే ఉంటుంది. ఆ మాత్రం నాకు అర్థమైంది. అది ఏమిటన్న దగ్గరే పొరబడ్డాను.

మొదటి ఊహ: పొలంలో దిగాలంటే భయం

ఈ దశలో ఆగిపోయేవాళ్ళలో ఎక్కువమందిని ఆపేది తెలియని పొలంలో దిగాల్సి వస్తుందన్న బెంగే. థర్మల్ దొరకలేదంటే ఏదో ఒక చేలో దిగాలి. ఇంగ్లండ్‌లో అది నేరమూ కాదు, ప్రమాదమూ కాదు, ఆటలో భాగం. అయినా మొదటిసారి చేసేదాకా ఎవరికైనా గుండె దడే. అందుకని నా మొదటి చికిత్స మోటార్ గ్లైడర్‌లో మరో రెండు సెషన్లు. ఇంజిన్ తగ్గించి, ‘ఇప్పుడు థర్మల్ లేదు, దిగండి’ అంటాను. ఆమె పొలం ఎంచుకుని అప్రోచ్ చేయాలి, నేల దగ్గరపడ్డాక నేను ఇంజిన్ పెంచి పైకి తీసుకుపోతాను.

మేం నేర్పే మెట్లు ఇవి. నేల నుంచి 2,000 అడుగులకు దిగేసరికి దిగడానికి వీలైన ప్రాంతం మీద ఉండాలి. 1,500కి పొలం ఎంచుకోవాలి. 1,000కి వచ్చేసరికి థర్మల్ వేట ఆపేసి ల్యాండింగ్ సర్క్యూట్ (దిగే ముందు పొలం పక్కగా తిరిగే చుట్టు) మొదలుపెట్టాలి. పొలంలో చూడాల్సినవి గాలి దిశ, పొడవు, వాలు, పైరు, చుట్టూ ఉన్న చెట్లు తీగలు, లోపల ఉన్న పశువులు. వీటిలో మనిషిని మోసం చేసేది వాలు. పైనుంచి చూస్తే నేలంతా చదునుగానే కనబడుతుంది. పై నుంచే వాలు తెలిసిందంటే అది దిగదగ్గ పొలం కాదు. ఇక పైరు: ఏప్రిల్‌లో చీలమండ దాకా ఉన్న గోధుమ చేను జులైకి నడుము దాకా పెరుగుతుంది. అందులో ఒక రెక్క తగిలిందంటే గ్లైడర్ గిర్రున తిరిగిపోతుంది. కోత అయ్యాక ఆగస్టులో మిగిలే కొయ్యకాళ్ళ మళ్ళు మాకు బంగారం.

ఆమె ఆరు అప్రోచ్‌లు చేసింది. ఆరూ బాగున్నాయి. ఒకచోట నేను గమనించని ఒంటి కరెంటు తీగను, పొలం మూలన ఉన్న స్తంభాన్ని బట్టి ముందే పసిగట్టి పక్క పొలానికి మార్చుకుంది. పొలాలంటే భయం ఉన్నవాళ్ళు ఇలా చేయరు. అప్రోచ్ ఎత్తుగా పెట్టుకుంటారు, నిర్ణయం వాయిదా వేస్తారు, మాటిమాటికీ మన మొహం చూస్తారు. ఇవేవీ ఆమెలో లేవు. అక్కడే నా ఊహ తప్పని ఒప్పుకోవాల్సింది. ‘ఇంకొంచెం సాధన అయితే సరిపోతుంది’ అనుకున్నాను.

రెండో ఊహ మీద ఎక్కువ రాయను. థర్మల్‌లో కేంద్రం పట్టడం సరిగా రాక ధైర్యం చాలడం లేదేమో అనుకుని కె-21లో రెండు రోజులు కూర్చున్నాం. బ్యాంక్ (రెక్కల వంపు) పెంచి, 45 నుంచి 50 నాట్ల వేగంలో (గంటకి 83 నుంచి 93 కిలోమీటర్లు) బిగువుగా తిరగడం మీద పనిచేశాం. ఆమె ఎక్కే ఎత్తు పెరిగింది. అంతకుముందు 3,000 అడుగుల దగ్గర తృప్తిపడే మనిషి ఇప్పుడు మేఘం కిందికి, 4,300 దాకా ఎక్కుతోంది. కానీ వెళ్ళే దూరం మాత్రం వీసమెత్తు పెరగలేదు. ఈ కేసు మొత్తానికి అదే పెద్ద ఆధారం. నా కళ్ళ ముందే ఉన్నా నేను పట్టించుకోలేదు.

జులైలో ఒక శనివారం

ఆ రోజు వాయవ్యం నుంచి 15 నాట్ల గాలి. మేఘాలు గాలి వెంట బాటల్లా వరసకట్టాయి. బేస్ 4,500. గాలివాటున 50 కిలోమీటర్లు పోయి మరో క్లబ్‌లో దిగమన్నాను. నా లెక్క ఇది: గాలి మోసుకుపోతుంది, సగం పని అదే చేస్తుంది. వెనక్కి రావడం కష్టం కాబట్టి మనసు రెండు వైపులా లాగదు. ‘ఇవాళ మళ్ళీ ఇక్కడికి రావొద్దు’ అన్నాను. ఉత్సాహపరుస్తున్నాననుకునే అన్నాను.

గాలివాటు ప్లాన్ సిల్వర్‌కి పాత పద్ధతే, చాలామందికి పనికొస్తుంది కూడా. కానీ మనసు ఇంటివైపు లాగే మనిషికి అది అన్నిటికన్నా చెడ్డ ప్లాన్. ఇల్లు ఎదురుగాలిలో ఉంటుంది మరి.

ఆమె 14 కిలోమీటర్లు వెళ్ళింది. ఒక మేఘం కింద ఆశించిన థర్మల్ దొరకలేదు. ఎత్తు 2,600కి దిగింది. అప్పుడు ఇంటివైపు తిప్పింది. 50 నాట్ల వేగంలో ఎదురుగాలి 15 నాట్లు తినేస్తే నేల మీద సాగేది 35. ఆ వేగంలో ఉండే గ్లైడ్ 33 కాస్తా 23కి పడిపోతుంది. 2,600 అడుగులకి 18 కిలోమీటర్లు వస్తాయని లెక్క చెబుతుంది. దిగే గాలి తగలకపోతేనే ఆ లెక్క. మేఘాల బాటల మధ్య దిగే గాలి ఎప్పుడూ తగులుతుంది. అందుకే సగమే నమ్మమంటాం. సగమంటే 9. ఇల్లు 14 దూరంలో.

పొలం ఎంచుకున్నది ఆల్టిమీటర్ 900 చూపించినప్పుడు. ఆల్టిమీటర్ సున్నా మా ఎయిర్‌ఫీల్డ్ దగ్గర పెట్టుకుంది. కిందున్న నేల మా ఎయిర్‌ఫీల్డ్ కన్నా 200 అడుగులు మెరక. అంటే నిజంగా ఉన్న ఎత్తు 700. ఆరు అప్రోచ్‌లు చక్కగా చేసిన మనిషి, ఆ ఎత్తులో ముందు కనబడిన గడ్డి చేలోకి తిప్పేసింది. పల్లం వైపుకి దిగింది. గ్లైడర్ ఆగకుండా దొర్లుతూ పోయి, కంచెకి పాతిక గజాల ఇవతల ఆగింది. పై మూలన గొర్రెలు. దెబ్బ తగల్లేదు, గ్లైడర్‌కి గీత పడలేదు.

ట్రైలర్ (గ్లైడర్‌ని విడదీసి పెట్టి కారు వెనక లాక్కెళ్ళే పొడవాటి పెట్టె బండి) తీసుకుని వెళ్ళేసరికి ఆమె రెక్క పక్కన గడ్డిలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచింది. నేను అడగకముందే ఒక మాట అంది: “నాకు పొలాలు కనబడలేదు. వెతకలేదు కాబట్టి కనబడలేదు. కళ్ళు ఇంటి కోసమే చూస్తున్నాయి.”

ఆ మాట ఆ రోజు నాకు ఎక్కలేదు. ‘ఏం కాలేదు కదా, మొదటి పొలం అయిపోయింది’ అని సర్దిచెప్పాను. తర్వాత నాలుగు వారాంతాలు ఆమె క్లబ్‌కి రాలేదు.

శీతాకాలం, పదకొండు గీతలు

నవంబరులో వానల మధ్య, ఆమెను బ్రీఫింగ్ గదికి పిలిచాను. ముందు క్షమాపణ చెప్పాను. వెళ్ళమని తోసింది నేను. ఆ నిర్ణయం ఆమెది కావాల్సింది. తర్వాత, మీ సోలో ఫ్లయిట్ల లాగర్ ఫైళ్ళన్నీ తెండి, ఒకదాని మీద ఒకటి పరిచి చూద్దాం అన్నాను. లాగర్ కొన్ని సెకన్లకోసారి గ్లైడర్ ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో రాసుకుంటుంది. అప్పటిదాకా ఒక్కో ఫైల్‌ని విడిగా చూశాం, ఎక్కడ బాగా ఎక్కారు, ఎక్కడ జారారు అని. అన్నీ కలిపి ఒకే మ్యాప్ మీద ఎప్పుడూ చూడలేదు.

ఆ జులై శనివారం తీసేస్తే పదకొండు ఫ్లయిట్లు. తెర మీద పదకొండు రంగుల గీతలు. గుంజకి కట్టిన దూడ మేసిన చోటు ఎలా ఉంటుందో అలా ఉంది బొమ్మ. ఎయిర్‌ఫీల్డ్ చుట్టూ గుండ్రంగా, ఏడు కిలోమీటర్ల దగ్గర కోసేసినట్టు అంచు. ఎత్తు 2,500 ఉన్న రోజున ఏడు, 4,300 ఉన్న రోజున కూడా ఏడే. ఒక్క దక్షిణం వైపు మాత్రం నాలుగు.

ఎత్తు పెరిగితే పరిధి పెరగాలి. పెరగలేదంటే తాడు ఎత్తుది కాదు. పొలాల భయమూ కాదు: దక్షిణం వైపే పొలాలు పెద్దవి, చదునైనవి, అటే తక్కువ వెళ్ళింది. నాలుగు ఎందుకు? ఆమెకీ తెలియదు. ఇద్దరం చాలాసేపు మ్యాప్ చూశాం. చివరికి ఆమే వేలు పెట్టింది. ఎయిర్‌ఫీల్డ్ దక్షిణపు అంచున ఒక చిన్న తోపు ఉంది. ఆ చెట్ల వెనకే ఆనించినట్టుగా గ్లైడర్ ట్రైలర్ల వరస.

మాది గడ్డి ఎయిర్‌ఫీల్డ్. దూరం నుంచి చూస్తే చుట్టూ ఉన్న పచ్చటి చేలల్లో కలిసిపోతుంది. దాన్ని గుర్తుపట్టించేది ఆ తెల్లటి ట్రైలర్ల వరసే. ఎండలో అవి ఏడు కిలోమీటర్ల దాకా మెరుస్తాయి. దక్షిణం నుంచి చూస్తే చెట్లు అడ్డం. ఆ వారాంతం వాన తెరిపి ఇచ్చినప్పుడు మోటార్ గ్లైడర్ తీసుకుని నేనే వెళ్ళి చూశాను. నాలుగు కిలోమీటర్ల దగ్గర నాకు కూడా ట్రైలర్లు కనబడలేదు.

ఆమె ఎత్తును బట్టి తిరిగి రావడం లేదు. ట్రైలర్లు కనబడటం మానేసే చోట తిరిగి వస్తోంది. ఆ అలవాటు ఆమెకి ఎక్కడిది? మేం నేర్పిందే. విన్చ్ మీద 1,300 అడుగులకి ఎక్కి, కె-13లో సోలో చేస్తున్న మనిషికి మేం వందసార్లు చెప్పే మాట: ఎయిర్‌ఫీల్డ్ కనుచూపు దాటి పోవద్దు. ఆ దశలో అది ప్రాణం కాపాడే మాట. దాన్ని ఎప్పుడు వదిలేయాలో, దాని బదులు ఏది పట్టుకోవాలో మాత్రం మేం చెప్పలేదు. ఆమె బుద్ధిగా పాటించింది. తన తర్వాత సోలో అయిన కుర్రాళ్ళు అంత బుద్ధిగా పాటించలేదు, అందుకే వెళ్ళిపోయారు.

ఏం చేశాం

ముందు ఒక తప్పటడుగు గురించి చెప్పాలి. మార్చిలో సీజన్ మొదలవగానే ఎక్స్‌సీసోర్ వేసిన ఫోన్‌ని ప్యానెల్ పక్కన బిగించాం. ఉచిత సాఫ్ట్‌వేర్, మంచిది. ఇంటికి ఎంత ఎత్తులో చేరతారో అంకె చూపిస్తూనే ఉంటుంది. కంటికి బదులు లెక్క ఇస్తే సరిపోతుందని నా ఆలోచన. కానీ ఆ అంకె దిగే గాలి తగిలిన ప్రతిసారీ పడిపోతుంది, లిఫ్ట్ తగిలితే లేస్తుంది. ఆమె ట్రైలర్ల బదులు ఆ అంకెను చూడటం మొదలుపెట్టింది. అది తగ్గగానే వెనక్కి. పరిధి ఐదు కిలోమీటర్లకి పడిపోయింది. రెండు వారాలు చూసి ఫోన్ తీసేశాం. ఆమెకి కావాల్సింది ఇంటిని ఇంకా స్పష్టంగా చూపించే పరికరం కాదని నాకు అప్పుడు తట్టింది.

కాగితం మ్యాప్ మీదికి వెళ్ళాం. జూనియర్ గ్లైడ్‌లో సగం తీసుకుంటే వెయ్యి అడుగులకి ఐదు కిలోమీటర్లు. ఎక్కడికి చేరినా అక్కడ సర్క్యూట్‌కి వెయ్యి అడుగులు మిగలాలి. అంటే 2,000 ఉంటే ఐదు, 3,000 ఉంటే పది, 4,000 ఉంటే పదిహేను. ఈ మూడు జతలు ఆమె తన చేత్తో తెల్ల టేపు మీద రాసి ప్యానెల్ మీద అంటించుకుంది. గాలి ఉన్న రోజున వృత్తాన్ని ఎదురుగాలి వైపు నుంచి కుదించాలి. అదీ ఆమే గీసేది, పొద్దున్నే, నేల మీద, తొందర లేనప్పుడు.

తర్వాతి కసరత్తుకి దూరంతో సంబంధం లేదు. దక్షిణం వైపు ఆరు కిలోమీటర్లు పోయి, 3,500కి పైన ఉంటూ, ట్రైలర్లు కనబడని చోట పది నిమిషాలు ఉండి రమ్మన్నాను. అంతే. టేపు ప్రకారం ఆ ఎత్తుకి పన్నెండు దాకా వెళ్ళొచ్చు, కాబట్టి ప్రమాదం లేదు. ఉన్నదల్లా కనబడకపోవడం. మొదటిసారి నాలుగు నిమిషాలకే వచ్చేసింది. రెండోసారి ఏడు. మూడోసారి పదిహేను నిమిషాలు ఉంది, దిగాక టైమ్ చూసుకోవడం మర్చిపోయానంది. దూరాన్ని కాకుండా కనబడకపోవడాన్ని విడదీసి సాధన చేయించడం ఈ కేసులో నేను చేసిన మొదటి సరైన పని.

రెండోది కె-21లో చేశాం. నేను వెనక సీట్లో. ఒప్పందం ఏమిటంటే, ప్రాణాల మీదికి వస్తే తప్ప నేను నోరు విప్పను. ఆమె మాత్రం ప్రతి 500 అడుగుల మార్పుకీ పైకి వినబడేలా ఒక వాక్యం చెప్పాలి: ‘ఇప్పుడు నా ఇల్లు ఫలానా చోటు.’ బయల్దేరేటప్పుడు ఇల్లు మా ఎయిర్‌ఫీల్డ్. పన్నెండు కిలోమీటర్లు దాటి 3,000కి దిగాక మా ఎయిర్‌ఫీల్డ్ ఇక ఇల్లు కాదు, ముందున్న క్లబ్ ఇల్లు. రెండూ అందని చోట, ‘ఎడమవైపు రోడ్డుకి ఆనుకుని ఉన్న ఆ మూడు పెద్ద చేలు నా ఇల్లు.’ మొదటి అరగంట ప్రతిసారీ గొంతు తడబడింది. ఒకచోట ఐదు సెకన్ల మౌనం. ఎయిర్‌ఫీల్డ్ చేయిదాటిపోయింది, ఇంకోటి ఎంచుకోలేదు. నేను మాట్లాడలేదు, ఆమె చెంపలు ఎర్రబడటం వెనక నుంచే కనబడుతోంది. తర్వాత గ్లైడర్ ముక్కు కొంచెం కుడికి తిప్పి, “ఆ పచ్చిక. రెండు పొలాలు కలిసినది. గాలికి ఎదురుగా ఉంది” అంది. ఆ క్షణంలో భుజాలు దిగడం చూశాను. ఇల్లు అనేది ఎప్పుడూ ఒకటి ఉంటే చాలు, అది మా ఎయిర్‌ఫీల్డే అయ్యుండాల్సిన పని లేదు.

ఆల్టిమీటర్ కూడా మార్చాం. లోకల్‌లో సున్నా మా రన్‌వే. దూరం వెళ్ళేటప్పుడు సముద్ర మట్టం నుంచి ఎత్తు చూపేలా పెట్టుకుని, కింద నేల ఎంత ఎత్తో మ్యాప్‌లో చూసి తీసేయాలి. ఇది పుస్తకాల్లో ఉన్నదే, పరీక్షలోనూ అడుగుతారు. కానీ ఆమె సున్నా ఇన్నాళ్ళూ ఇంటి దగ్గరే పాతుకుపోయి ఉందని, ఆ జులై మధ్యాహ్నం 200 అడుగుల తేడా అక్కణ్ణుంచే వచ్చిందని ఇద్దరం కలిసి చూసినప్పుడు ఆ అంకెకి అర్థం వచ్చింది.

ఏప్రిల్ చివర్లో, పక్క క్లబ్‌కి 28 కిలోమీటర్లు వెళ్ళి దిగి, అక్కడ టీ తాగి, ఏరోటో (విమానం వెనక తాడు కట్టి పైకి లాగించుకోవడం) తీసుకుని రమ్మన్నాను. గాలివాటున కాదు, పక్కగాలి ఉన్న రోజు చూసి. పక్కగాలిలో వెళ్ళడానికీ రావడానికీ ఖర్చు దాదాపు ఒకటే కాబట్టి నిర్ణయాలకి సమయం ఉంటుంది. దానికి బ్యాడ్జ్ ఏమీ రాదు. వేరే ఎయిర్‌ఫీల్డ్‌ని ఇల్లనుకుని నిజంగా దిగి చూడటం ఒక్కసారైనా ఒంటికి తెలియాలి. ఆ రోజు ఫోన్ చేసి ఆమె చెప్పిన మొదటి మాట, వాళ్ళ ట్రైలర్లు ఉత్తరం వైపు పెట్టారట.

50 కిలోమీటర్లు

మే రెండో వారం. ఉదయం ఆమే వాతావరణం చూసుకుంది. ఉష్ణోగ్రతకీ మంచుబిందు స్థానానికీ తేడా మధ్యాహ్నానికి 11 డిగ్రీలు అవుతుందని, డిగ్రీకి 400 అడుగుల చొప్పున బేస్ 4,400 దగ్గర ఉంటుందని లెక్క వేసింది. దారిలో రెండు ఎయిర్‌ఫీల్డులు, వాటి మధ్య ఒక్క చోట పన్నెండు కిలోమీటర్ల ఖాళీ. లండన్ చుట్టూ ఉన్న కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్ (అనుమతి లేకుండా వెళ్ళకూడని గగనతలం) అంచు ఎడమవైపున, దానికి ఎంత దూరంలో ఉండాలో ఎర్ర పెన్సిల్‌తో గీత. నేను చూసి తల ఊపాను తప్ప వెళ్ళమని అనలేదు. గాలి పక్క నుంచి 8 నాట్లు.

ఖాళీ ఉన్న చోటే ఇబ్బంది వచ్చింది. పెద్ద మేఘం ఒకటి నీడ పరిచేసి నేలని చల్లార్చింది. నేల నుంచి 2,100కి దిగింది. లాగర్ గీతలో ఆ చోటు చూశాను: ఇంటివైపు ఒక్క డిగ్రీ కూడా తిప్పలేదు. నీడ అంచు దాటి ఎండ పడుతున్న ఒక దుక్కి చేను వైపు వెళ్ళింది. ఆ గోధుమరంగు నేల పక్కనే వేసవి పైరుకి సిద్ధం చేసిన పెద్ద చదునైన మడిని ముందే ఇల్లుగా పెట్టుకుందట. దుక్కి మీద మూడు గద్దలు తిరుగుతున్నాయి. వాటి కిందికి చేరాక వేరియో (ఎక్కుతున్నామో దిగుతున్నామో శబ్దంతో చెప్పే పరికరం) ముందు మూలిగి, తర్వాత గబగబా పలికింది. పైకి ఎక్కే వేగం 3 నాట్లు. అరడజను చుట్లకి మేఘం నీడ తన కిందికి వచ్చేసింది. మిగతా దారి గురించి రాయడానికేం లేదు, వెళ్ళి దిగింది.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరైనా లోకల్‌లో ఆగిపోయారంటే మాట్లాడటానికి ముందు కనీసం ఎనిమిది పది ఫ్లయిట్ల గీతల్ని ఒకదాని మీద ఒకటి పరుస్తాను. ఎత్తు పెరిగిన రోజున పరిధీ పెరుగుతుంటే, కానీ 2,500 కిందికి దిగగానే వెనక్కి వస్తుంటే, పొలాల భయం అనుకుని మోటార్ గ్లైడర్ ఎక్కిస్తాను. అన్ని వైపులా వెళ్తూ, మళ్ళీ ఎక్కలేక తిరిగొస్తుంటే థర్మల్ పని. ఎత్తుతో సంబంధం లేకుండా అంచు ఒకేచోట ఉంటే, అక్కణ్ణుంచి ఏం కనబడుతుందో, ఏం కనబడదో నేనే వెళ్ళి చూస్తాను. మూడింటికీ మందు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వాడితే ఏమవుతుందో జులైలో చూశాను.

సోలో రోజున చెప్పే మాట కూడా మార్చాను. ‘ఎయిర్‌ఫీల్డ్ కనుచూపులో ఉంచుకోండి’ అని ఇప్పటికీ చెబుతాను. వెంటనే, ‘ఈ నియమానికి ఒక గడువు ఉంది, బ్రాంజ్ రోజున నేనే దీన్ని మీ దగ్గర్నుంచి వెనక్కి తీసుకుంటాను’ అంటాను. బ్రాంజ్ రోజున మర్చిపోకుండా తీసుకుంటాను కూడా, దాని బదులు తెల్ల టేపు ముక్క చేతిలో పెట్టి.

బ్యాడ్జ్ వచ్చిన ఆ ఆగస్టులో ఆమె 100 కిలోమీటర్ల త్రిభుజానికి బయల్దేరి, ఇంటికి 38 కిలోమీటర్ల దూరంలో కొయ్యకాళ్ళ చేలో దిగింది. ఫోన్‌లో ముందు గేటు ఏ వైపు ఉందో చెప్పింది, ట్రైలర్ తిరగడానికి చోటుందని చెప్పింది, రైతుతో మాట్లాడానని చెప్పింది. మేం వెళ్ళేసరికి రెక్కల టేపు ఊడదీసి సిద్ధంగా ఉంది. లాగర్ చూస్తే పొలం ఎంచుకున్నది 1,600 దగ్గర. రెక్క పట్టుకుని ట్రైలర్‌లోకి జరుపుతుండగా ఆమె ఇంకా ఆకాశం వైపే చూస్తోంది. “ఆ పడమటి వరస కిందికి పది నిమిషాల ముందే వెళ్ళాల్సింది” అంది. ఎడమ రెక్క లోపలికి వెళ్ళేదాకా ఆ వరస గురించే మాట్లాడుకున్నాం.